బెల్టుల ఆటో

తీపిమాట మీద తాపీ మేస్త్రికి ఉన్న కోపం ఈనాటిది కాదు. ఆ సైటులో సూపర్‌వైజరుకు పనివాళ్లంతా పెట్టుకున్న పేరది. నోరు తెరిస్తే "నాన్నా" అంటాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. తిట్టేవాడైతే కనీసం చాటుగానైనా తిరిగి తిట్టుకోవచ్చు. "మూడు చెక్కలు ఎందుకు నాన్నా, నువ్వేమన్నా ఏనుగువా, ఒక్క చెక్క మీద నిలబడలేవా" అని నవ్వుతూ అడిగేవాణ్ణి ఏమనగలం? నాలుగో అంతస్తు బయటి గోడకు సిమెంటు పూత పూసేచోట, పరంజా మీద మూడు చెక్కలు పరవాల్సింది పోయి ఒక్కటే పరిచారంటే అది ఆయన చలవే. మిగతావి అవతలి గోడకు కావాలట.

ఆ ఒక్క చెక్కా తిరగబడి, దానితోపాటే మేస్త్రి బావ కింద పడ్డాడు.

ఇసుక మీద పడినా బాగుండేది. జానెడు ఇవతల, కంకర మీద పడ్డాడు. కింద సిమెంటు మాలు కలుపుతున్న ఆయన భార్య, మేస్త్రికి చెల్లెలు, పార వదిలేసి పరుగెత్తింది. పక్క పరంజా మీదనుంచి మేస్త్రి ఎలా దిగాడో అతనికే తెలియదు. బావ కళ్లు తెరిచే ఉన్నాయి. కాళ్లు మాత్రం ఎవరివో అన్నట్టు పక్కకు వాలి ఉన్నాయి.

"మాలు గట్టిపడిపోతుంది బావా," అన్నాడు మేస్త్రితో సన్నగా. "తట్ట పైనే వదిలేశాను."

తట్ట ఆయన తల పక్కనే బోర్లాపడి ఉంది. మాలంతా కంకర పాలయింది.

"నీకెందుకు ఆ గొడవ. నేను చూసుకుంటాలే, కదలకు," అన్నాడు మేస్త్రి.

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుని బెల్టుల ఆటో లోపలికి వచ్చింది.

కాంట్రాక్టరుకు ఊళ్లో మూడు సైట్లున్నాయి. మూడింటికీ కలిపి, పైనుంచి పడకుండా కట్టుకునే బెల్టుల మూట ఒకటే, టోపీల మూట ఒకటే. తనిఖీ ఆఫీసరు ఏ సైటుకు వస్తుంటే ఆ సైటుకు ఆయనకంటే ముందు ఆ మూటలు వస్తాయి. అందరూ తొడుక్కుంటారు, ఫోటో దిగుతారు. ఆఫీసరు టీ తాగి వెళ్లగానే విప్పి మళ్లీ మూటకడతారు. "అద్దె చొక్కా వేసుకున్న పెళ్లికొడుకుల్లా ఉన్నాం" అని రాడ్లు వంచే పొడుగాయన ప్రతిసారీ అందరినీ నవ్వించేవాడు. ఎత్తున పనిచేసే ప్రతి మనిషికీ బెల్టు ఇవ్వాలి, పరంజాకు అడ్డకర్రలు కట్టాలి, దెబ్బ తగిలిన మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి అని చట్టం ఉంది. గేటు మీద బోర్డులో పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంది. కాకపోతే ఆ బోర్డు ముఖం వీధి వైపు.

మేస్త్రి ఆటోకు అడ్డం వెళ్లాడు. "అన్నా, ఆ మూటలు దింపెయ్యి. మనిషిని ఎక్కించాలి."

ఆటోవాడు అతని వైపు చూడలేదు, తీపిమాట వైపు చూశాడు. "నన్ను బెల్టులు దింపమన్నారు. మనుషుల సంగతి నాకెవరూ చెప్పలేదు."

"ఎక్కిద్దాం నాన్నా, ఎక్కించకుండా ఎలా ఉంటాం," అంటూ తీపిమాట మూట విప్పి ఒక బెల్టు పైకి తీశాడు. "ముందు ఇది తొడుగు. ఆఫీసరు దారిలో ఉన్నాడు."

"పడ్డాక బెల్టు ఎందుకండీ?"

"ఇచ్చామని తెలియాలి కదా నాన్నా. కొక్కెం తగిలించుకోవడం మర్చిపోయాడు, పాపం. మనిషన్నాక మర్చిపోడా? ఎవరి తప్పూ ఉండదు."

"మా బావ తప్పవుతుంది."

"అయితే ఏంటి, ఈ స్థితిలో ఉన్నవాణ్ణి జైల్లో పెడతారా? ఖర్చులకు ఎంతో కొంత నేను మాట్లాడి ఇప్పిస్తాను. ఆలస్యం చేస్తున్నది నువ్వు నాన్నా, నేను కాదు."

వేరే బండిని పిలుద్దామంటే ఫోను లేదు. పని వేళ అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో పెట్టించి తాళం వేస్తారు. తాళంచెవి తీపిమాట జేబులో ఉంటుంది.

బావ పెదాలు నల్లబడుతున్నాయి. తప్పెవరిదో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఊపిరి నిలవాలి అనుకున్నాడు మేస్త్రి. బెల్టు అందుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. దానికింకా కొత్త వాసన పోలేదు. ఒక చెయ్యి బావ నడుము కింద పెట్టి, కాస్త ఎత్తి, పట్టీ దూర్చబోయాడు. బావ గొంతులోనుంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు.

చెల్లెలు అతని మణికట్టు పట్టుకుంది. "ఏం చేస్తున్నావు అన్నయ్యా?"

"ఇది తొడిగితే ఆటో ఎక్కించనిస్తారు."

"ఈ పట్టీ దూర్చేలోపే పోయేలా ఉన్నాడు. వినపడలేదా నీకు?"

"బతికితే చాలు కదమ్మా."

"పోతే? బెల్టు ఇచ్చినా తగిలించుకోని మనిషి మీ నాన్న అని పిల్లలకు చెప్పనా? అది తొడిగింది మీ మావయ్యే అని కూడా చెప్పనా?"

మేస్త్రి చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. బెల్టు కంకర మీద పెట్టేశాడు.

"తొడగను," అన్నాడు. ఆ మాట చిన్నగా వచ్చింది.

ఇన్నేళ్లుగా అతని నోటినుంచి "అలాగేనండి" తప్ప మరొకటి వినని తీపిమాట ముందుకు వంగాడు. "ఏంటి నాన్నా?"

"తొడగను."

పొడుగాయన ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లి, కింది వరస పరంజానుంచి రెండు చెక్కలు లాగాడు. బావతోపాటు పడిన చెక్కను వాటి పక్కన చేర్చి తాళ్లతో బిగించి కట్టాడు. ఆ గోడ దగ్గర మూడు చెక్కలు ఒకచోట కలవడం అదే మొదలు. ఆరుగురు ఒంగి, తలనుంచి కాళ్ల దాకా ఒకేసారి పట్టి బావను చెక్కల మీదికి చేర్చారు.

"చెక్కలు కంపెనీవి," అన్నాడు తీపిమాట. "గేటు దాటినవాడికి ఈ వారం కూలి లేదు." ఈసారి నాన్నా అనలేదు.

"ఏనుగులం కదండీ, ఒక్క చెక్క చాలదు," అన్నాడు పొడుగాయన చెక్కల కొస భుజానికి ఎత్తుకుంటూ. ఎవరూ నవ్వలేదు.

గేటులో ఆఫీసరు కారు ఎదురై హారన్ కొట్టింది. వాళ్లు పక్కకు తప్పుకోలేదు. కారే వెనక్కి జరిగింది. బోర్డు కిందనుంచి వీధిలోకి వచ్చారు. ఆసుపత్రి రెండు వీధుల అవతల. బావ మళ్లీ మాలు సంగతి ఎత్తలేదు. చెల్లెలు ఆయన ఛాతీ మీద చెయ్యి ఆనించి పక్కనే నడుస్తోంది. ఆ చెయ్యి లేచి దిగుతున్నది ఊపిరికో, మోసేవాళ్ల అడుగులకో మేస్త్రికి తెలియలేదు.

మేస్త్రి ఆరు రోజుల కూలి నాలుగు వేల ఎనిమిది వందలు గేటు లోపలే ఉండిపోయింది.