ఉపగ్రహణం

ఎసట్లో బియ్యం పోసి నేను పెరట్లోకి వచ్చేసరికి ఆయన మెడ విరుచుకుని ఆకాశం చూస్తూ ఉండేవాడు. "ఎటు దిక్కే? జల్ది చెప్పు!" రష్యా వాళ్లూ అమెరికా వాళ్లూ వదిలిన ఉపగ్రహాలు పొద్దుగూకిన వేళ చుక్కల్లా నడిచిపోయే రోజులవి. పేపర్లో వేళలు చూసేది ఆయన, ముందుగా కనిపెట్టేది నేను. బియ్యంలో రాళ్లు ఏరిన కళ్లు కదా, కదిలేది ఏదైనా ఇట్టే దొరికేది.

ఆయన పేరు, ఇప్పుడైనా చెబుతాను, రాజారాం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకురసం పరీక్షించే గదిలో కొలువు. దుర్భిణి కొనాలని పట్టుబట్టి నన్నూ నిజామాబాద్ తీసుకుపోయాడు. నాకప్పుడు రెండో నెల. పాత సామాన్లు అమ్మే లింబయ్య దగ్గర రెండున్నాయి. ఒకటి పొడుగ్గా, స్క్రూలు బిగించే మూడుకాళ్ల మీద. "యాభై రెట్లు చూపిస్తది సాబ్," అన్నాడు. రెండోది పొట్టిది, వెడల్పు మూతిది, సగం ధర కూడా లేదు. నేను రెండింట్లోంచీ బజార్లో పోయే రిక్షాను చూశాను. పొడుగుదాన్లో చక్రం ఒకటి మెరిసి మాయమైంది. పొట్టిదాన్లో రిక్షా, అందులో మనిషి, వాడి సంచీ, అన్నీ కనబడ్డాయి.

"గిది తీస్కోండ్రి. ఉరికేదాన్ని పట్టాలంటే జాగ ఎక్కువ కనబడాలె," అన్నాను.

"అక్కకే తెలివున్నట్టుంది సాబ్!" లింబయ్య నవ్వాడు. ఆయన ముఖం ముడుచుకున్నాడు గానీ అదే కొన్నాడు.

నిలబెట్టే ఉపాయమూ నాదే. విసుర్రాయి కీల మీద ఒక్క చేత్తో తిరుగుతుంది కదా. అట్లాగే గుంజ నెత్తిన ఇనుప కీల దిగగొట్టించి, పైకీ కిందికీ వంగేందుకు తలుపు బందు వేయించాను. చుక్క ఎటు పోతే దుర్భిణి అటు తిరిగేది. వచ్చినవాళ్లందరికీ ఆయన "నా ఐడియా" అని చెప్పుకున్నాడు. చెప్పుకోనీలే అనుకున్నాను. నాకు కావలసింది ఒక్కసారి దానికి కన్ను ఆనించడం. ఆనించాను.

మా అత్త ఈరవ్వ చూసింది. కొడుకు "ఉపగ్రహం" అంటే ఆమె చెవికి "ఉపగ్రహణం" అని వినబడింది. "కడుపుతోని ఉండి గ్రహణం సూస్తవా? పెద్దదైనా సిన్నదైనా గ్రహణమే! నడువ్ లోపటికి!" ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పాప పై పెదవి చీలి పుట్టింది. అంగిలి దాకా చీలిక. గ్రహణం మొర్రి అంటారు కదా, అదే. రొమ్ము పట్టలేకపోయేది. దూదితో చుక్క చుక్క పిండితే సగం ముక్కులోంచి వచ్చేది. పందొమ్మిది రోజులు అట్లా పట్టాను. ఆ పందొమ్మిది రోజులూ ఈరవ్వ గడపలో కూర్చుని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది: "వద్దంటే సూసింది. బిడ్డ నోరు తిన్నది." ఇరవయ్యో నాటికి పాప లేదు. నేనే తిన్నాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పాలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి, రవికె తడిసిపోయేది.

నెల గడిచాక ఆయనతో పనిచేసే బాపురావు దుర్భిణి చూడ్డానికి వచ్చాడు. నేను చాయ్ పట్టుకుని తలుపు దాకా వచ్చాను. లోపల బాపురావు గొంతు: "మీ అవ్వ చెప్పేది నిజమేనా అన్నా?"

"ఉత్త ముచ్చట! గ్రహణం జూస్తెనే మొర్రి రాదు, చుక్కను జూస్తె వస్తదా? పుస్తకంల ఎప్పుడో చదివిన."

ఎప్పుడో! గ్లాసులు అక్కడే గడప మీద పెట్టేశాను. పక్క గదిలో పాప ముక్కు తుడుస్తూ నన్ను నేను తిట్టుకున్నప్పుడు కూడా, ఈయనకు తెలుసు.

ఆ ఆదివారం బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురు మా అరుగు మీద కూర్చున్నారు. ఈరవ్వ మళ్లీ మొదలుపెట్టింది. ఆయన అక్కడే దుర్భిణి అద్దం తుడుస్తున్నాడు. నేను బయటికి వచ్చి అందరి ముందూ అడిగాను: "జెర మీరన్న చెప్పుండ్రి. దాంట్ల సూస్తె గట్లయితదా?"

ఆయన తల్లి వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు. అద్దం మీద లేని దుమ్మును ఊదాడు.

"నాకేమెర్క? ఆడోళ్ల ముచ్చట్లు."

పాప ఊపిరి నా ఒళ్లో ఆగినప్పుడు కూడా నాకు ఒక మనిషి తోడున్నాడనే అనుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకెర్క, గట్ల గాదని. మీకూ ఎర్కే," అన్నాను.