గాలి పట్టేదాకా

ఆఖరి మలుపు కూడా తిరగలేదు, అందరికంటే ముందు పోతున్న కోటేశ్వరి కారు చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. పెడల్ ఎంత తొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనకపడ్డ కార్లన్నీ ఆమెను దాటుకుని గెలుపు గీత చేరాయి. తెర మీద పెట్రోలు అయిపోయిందని ఎర్రక్షరాలు పడ్డాయి.

అయిపోవడమేమిటి? నరసరావుపేటలో అమర్నాథ్ నడిపే గేమింగ్ సెంటర్లో ఈ పందెం గెలిచినవాళ్లకే హైదరాబాదు జట్టులో చోటు. దానికోసం నెలల తరబడి తిండీ నిద్రా మానుకుంది పిచ్చిపిల్ల. ఈ ఆటలో పెట్రోలు లెక్క నిజం బండిలాగే ఉంటుంది. ఎక్కువ పోస్తే కారు బరువెక్కి మందగిస్తుంది, తక్కువైతే దారిలో ఆగుతుంది. అందుకే పందేనికి సరిపడా పోసి, ఆ పైన ఒక్క గుక్క అదనంగా పోసింది. సాధనలో ఎప్పుడూ ఆ గుక్క మిగిలేది.

"మీ మిషనే తేడా చేసింది," అంది.

అమర్నాథ్ పందేన్ని మొదటికి తిప్పి చూపించాడు. వరుసలో కార్లన్నీ సిగ్నల్ కోసం బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కోటేశ్వరి కారు ఒక్కటే గుర్రుమంటోంది.

"సిగ్నల్ పడేదాకా యాక్సిలరేటర్ తొక్కే ఉన్నావమ్మా. ఆ గుక్కంతా అక్కడే తాగేసింది. ఎందుకు తొక్కావు?"

కోటేశ్వరి నిర్ఘాంతపోయి తన కుడికాలి వంక చూసుకుంది. ఒంటరి సాధనలో సిగ్నల్ కోసం ఆగే పనే లేదు. ఇప్పుడు తొక్కిన సంగతి ఆమెకే తెలియదు.

వెనక కూర్చున్న తండ్రి బ్రహ్మాజీకి మాత్రం అర్థమైంది. నడికుడి దగ్గర క్వారీలో టిప్పరు తోలే ఆ మనిషే కూతురికి ఆ బండి మీదే తోలడం నేర్పాడు. పెద్ద బండ్ల బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి గనక, స్టార్ట్ చేశాక వాటికి గాలి పట్టేదాకా యాక్సిలరేటర్ తొక్కి ఉంచాలి, ఆ తర్వాతే బండి కదపాలి అన్నది అతని మొదటి పాఠం. అలా ఆగకుండా కదిపిన లారీకి బ్రేకు పడక, ఆ క్వారీ వాలులోనే అతని తమ్ముడు పోయాడు.

"కారుకి గాలి బ్రేకులుండవు గదా నాన్నా," అంది కోటేశ్వరి. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది.

బ్రహ్మాజీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నే నేర్పింది ఇక్కడిదాకా వచ్చిద్దని నాకు తెలవదమ్మా," అన్నాడు. తెర మీద గుర్రుమంటున్న ఆ కారును కాసేపు చూశాడు. "చోటు పోతే పోయిందిలే. ఆ కాలు మాత్రం మార్చుకోమాక. మీ బాబాయికి ఆ అలవాటుంటే, ఇయ్యాల నా పక్కన కూర్చోని నీ పందెం చూసేవాడు."