చిట్టియ్య చేతికిచ్చిన రాశి

రాజమండ్రి జైలు నుంచి చిట్టియ్యను వదిలేశారన్న కబురు వాడికంటే ముందే ఊరు చేరింది. మూడేళ్ల కిందట వీరవేణమ్మ కళ్లంలో ధాన్యం దొంగిలిస్తూ పట్టుబడినవాడు వాడే. నిడదవోలు దాపున ఉన్న ఆ చిన్న ఊళ్లో వాణ్ణి ఇక కూలికి పిలిచే గుమ్మమే లేదు. పెళ్లాం సువార్తమ్మ వడ్లు దంచి తెచ్చిన నూకలతోనే ఆ ఇంట్లో పిల్లలు కూడా బతుకుతున్నారు.

మునసబు బంగార్రాజుగారు వచ్చి వీరవేణమ్మ అరుగు మీద కూర్చున్నారు.

"తాసిల్దారుగారు ఊళ్లోకి వస్తున్నారండి. నష్టపోయిన మనిషి మీరు. వీడు మళ్లీ దొంగిలిస్తాడని ఒక్క మాటనండి, ఈసారి ద్వీపాంతర శిక్ష వేసి సముద్రం దాటించేస్తారు. పీడా పోద్ది."

"మళ్లీ దొంగిలించాడేంటి?"

"ఇంకా లేదండి. దొంగిలించక ఏం చేస్తాడు? పనిచ్చేవాడేడీ?"

"బాగుందండీ! పని మనమే ఇవ్వం, దొంగని మనమే అంటాం, పడవ కూడా మనమే ఎక్కిస్తాం. పాపం, తాసిల్దారుగారికి ఏం పని మిగిల్చారండీ మీరు?"

మొగుడు పోయిన మనిషి వీరవేణమ్మ. ఏడాది తిండీ, కట్టవలసిన శిస్తూ కళ్లంలో పోసిన ఆ ఒక్క రాశిలోనే ఉన్నాయి. రాశి పోశాక చెక్కముద్రను తడి బూడిదలో అద్ది చుట్టూ గుర్తులు వేయడం ఆ ఊరి పద్ధతి. ఎవరు గుప్పెడు తీసినా ముద్ర చెదిరి తెలిసిపోతుంది. ఎంతో నమ్మకస్తుడి చేతికి గానీ ఆ చెక్క ఇవ్వరు.

ఆవిడ చిట్టియ్యను పిలిపించి, మునసబుగారి కళ్లముందే ఆ చెక్కముద్ర వాడి చేతికిచ్చింది.

"ఇది నాకాండి, అమ్మగారండి?" వాడు చెయ్యి చాపడానికే భయపడ్డాడు.

"మరి నేను వంగగలనా? ముద్ర వేసి కాపలా పడుకో. ఇది సవ్యంగా ఇల్లు చేరితే ఏడాది పొడుగునా నీకు పని నా దగ్గరే."

"చేరకపోతేనో?" అన్నారు మునసబుగారు.

"వీణ్ణి తీసుకుపొమ్మని తాసిల్దారుగారికి నా నోటితో నేనే చెప్తానండి."

మర్నాడు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచింది. వాన అడ్డంగా కొట్టింది. తలుపు తీయడానికి కూడా లేక వీరవేణమ్మ లోపలే కూర్చుని, తొందరపడ్డానేమోనని మొదటిసారి అనుకుంది.

తెల్లారి గాలి తగ్గగానే మునసబుగారు పరుగెత్తుకొచ్చారు.

"చెప్తే విన్నారా! వాడి ఇంటి మీద ఒక్క ఆకు లేదండి. మట్టిగోడలు కరిగిపోతున్నాయి. ఇల్లు విప్పుకుని మరీ పారిపోయాడు!"

ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బురదలో కళ్లం దాకా నడిచింది.

అక్కడ ఆగిపోయింది.

రాశి మీద ఒక ఇంటికప్పు కూర్చుని ఉంది. తాటాకు వరస మీద వరస, దాని మీద తాళ్లు, తాళ్ల కొసలకు బండరాళ్లు. పైకి తిరిగిన ఆకుల మీద సువార్తమ్మ పొయ్యి మసి నల్లగా మెరుస్తోంది. మొగుడూ పెళ్లాం చెరో తాడు నడుముకు చుట్టుకుని, వణుకుతూ, అలాగే కూర్చుని ఉన్నారు. మునసబుగారు ఒక అంచు ఎత్తి చూశారు. లోపలి నుంచి పొడి ధాన్యం వెచ్చటి వాసన కొట్టింది. బూడిద ముద్రలు ముగ్గు వేసినట్టు తెల్లగా ఉన్నాయి. వీరవేణమ్మ గుడి ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ కలిపేసుకుంది.

"ముందు గడ్డే కప్పానండి," అన్నాడు చిట్టియ్య, తప్పు చేసినవాడిలా. "గాలి ఎత్తుకుపోయిందండి."

"ఇల్లు నేనే విప్పమన్నానండి," అంది సువార్తమ్మ. "పిల్లల్ని ప్రార్థన పాకలో ఉంచానండి. ఇల్లు తడిస్తే ఆరుద్ది. ఇది తడిస్తే ఈయన మళ్లీ మాకు దొరకడు గదండీ."

బంగార్రాజుగారు తలపాగా విప్పి చిట్టియ్య భుజాల మీద కప్పారు.

"మా గట్టు మీద తాటిచెట్లున్నాయండి, ఆకు కొట్టిస్తాను," అన్నారు. "మరి తాసిల్దారుగారొస్తే ఏం చెప్పమంటారు?"

"ఊరంతా చిట్టియ్య ఇల్లు కప్పుతోందని చెప్పండి," అంది వీరవేణమ్మ. "తీరికుంటే ఆయన్నీ ఓ మట్ట అందించమనండి."