సాక్ష్యాల వేళ

ఫేబా కొత్త సిమ్ తీసుకున్న సంగతి ఒక్క దయారాణి ఆంటీకే చెప్పింది. గల్ఫ్‌లో ఆస్పత్రి నర్సు ఉద్యోగం, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో గది, శుక్రవారం ఆంటీ ఫ్లాట్‌లో తెలుగు ప్రార్థన, ఇంతే ఆ పిల్ల లోకం. పాత నంబర్‌కి ఫ్రాంక్లిన్ గాడు రేయింబవళ్లు బూతు మెసేజ్‌లు పెడుతున్నాడు మరి. వాడితో ప్రధానం అయింది, వాడు చెయ్యి చేసుకున్నాడు, ఉంగరం మొహాన కొట్టి ఖలాస్ అని వచ్చేసింది. అప్పట్నుంచి ముసఫ్ఫాలో తను పనిచేసే గ్యారేజీలో కూర్చుని వాడికిదే పని.

ఆంటీ ఏం చేసింది? "ఫేబా సిస్టర్ శోధనలో ఉంది, ఈ కొత్త నంబర్‌కి వాక్యం పంపి ధైర్యం చెప్పండి" అని ప్రార్థన మెసేజ్ అందరికీ కొట్టింది. ఆ అందరిలో, ఒకప్పుడు ప్రార్థనకొచ్చిన ఫ్రాంక్లినూ ఉన్నాడు. ప్రార్థనలోంచి ఎవర్నీ తీసెయ్యకూడదని ఆవిడ పట్టుదల. ఆవిడ మంచితనం తగలెయ్య!

సాయంత్రానికల్లా ఫేబా కొత్త నంబర్‌కి వాడి జవాబు వచ్చేసింది. వాడి గదిలో ఫేబా నైటీతో పడుకుని ఉన్న ఫొటో. "మీ ప్రార్థన వాళ్లందరికీ పంపాను" అని కింద ఒక ముక్క. ప్రధానం అయ్యాక ఒకే ఒక్కసారి వెళ్లింది ఆ గదికి. ఈ దేశం పోలీసులకి చెప్తే, పెళ్లి కాకుండా అక్కడ నీకేం పని అని ముందు తననే లోపలేస్తారని భయం. సిగ్గుతో చచ్చిపోయింది పిల్ల. సూది గుచ్చుతుంటే పేషెంటు కూడా తనని పోల్చుకున్నాడేమో అనిపించేది.

ఈ శుక్రవారం వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వాళ్ల మొహం చూడలేనని తెలుసు. వెళ్లింది. అందరూ ఎప్పట్లాగే పలకరించారు. ఐజక్ బ్రదర్ కుర్చీ జరిపాడు. యూనిస్ సిస్టర్ చెయ్యి పట్టుకుని "చిక్కిపోయావేంటే" అంది. వాడు ఉత్తినే బెదిరించాడు కాబోలు అనుకుంటే ప్రాణం కాస్త కుదుటపడింది.

పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. "ఫేబమ్మా, నువ్వూ చెప్పు" అంది ఆంటీ. లేచి నిలబడింది.

"నా ఫొటో ఒకటి మీలో ఎవరికైనా వచ్చుంటే, దయచేసి తీసెయ్యండి."

ఎవరూ తలెత్తలేదు. యూనిస్ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. ఐజక్ జేబులో చెయ్యి పెట్టాడు. తర్వాత ఒక్కొక్కరే. గదంతా ఫోన్లు టిక్కుటిక్కుమంటున్నాయి. ఫేబా ఇంకా నిలబడే ఉంది.

దయారాణి ఆంటీ కళ్లజోడు పెట్టుకుని, తన ఫోన్ పక్కావిడ చేతిలో పెట్టి, "ఇది ఎలా తీసెయ్యాలమ్మా" అని మెల్లిగా అడిగింది.