గడ్డకట్టని రాత్రుల తర్వాత

ఏప్రిల్‌లో రాత్రి చలి పడితే మా కొండల మీద మంచు పొద్దున పదింటిదాకా రాయిలా ఉంటుంది. ఆ వారం మూడు రాత్రులు మబ్బు కమ్మి అసలు గడ్డకట్టలేదు. ఏ పూట ఎక్కడ మంచుచరియలు విరిగిపడే ప్రమాదముందో రోజూ రాసి జనానికి చెప్పడం నా ఉద్యోగం. ఆ పొద్దున కూడా రాశాను, ఏటవాలు చోట్ల జోలికి ఎవరూ వెళ్లొద్దని.

తొమ్మిదిన్నరకి కొండ కింద బండ్లు ఆపేచోటికి వెళ్తే ఆర్లో గారు అప్పుడే స్కీ బూట్లు బిగించుకుంటున్నారు. అరవై మూడేళ్ల మనిషి. నాకు స్కీయింగ్ నేర్పింది ఆయనే. పక్కన నోరీన్. మా ఊరి బేకరీలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

"ఇప్పుడా బయల్దేరడం? నేను రాసింది చదివారా?" అన్నాను.

"నువ్వు రాసేది రోజూ ఒకటేగా మార్లా. చదవక్కర్లేదు."

స్కీ కర్ర మంచులో గుచ్చాను. పిడిదాకా దిగిపోయింది. "చూడండి. అడుగునంతా పంచదారలా పొడిపొడిగా ఉంది. పైనుంచి నీళ్లు ఇంకుతున్నాయి. ఎప్పుడైనా జారుతుంది."

"నలభై ఏళ్లుగా ఈ కొండని చూస్తున్నా. నువ్వు కంప్యూటర్ని చూస్తున్నావు."

నోరీన్ నవ్వబోయి ఆగింది. "పోనీ మానేద్దామండీ," అంది మెల్లగా.

"ఈవిడ మాట వింటే ఇక మంచంతా కరిగాక జూలైలోనే మనం స్కీ చేసేది. పద."

ఆపే అధికారం నాకు లేదు. బైనాక్యులర్స్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. పదకొండుకి బండల కింది నుంచి మంచు ఉండలు దొర్లడం మొదలైంది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. సహాయక దళాన్ని సిద్ధంగా ఉండమని చెప్పాను. పన్నెండున్నరకి ఇద్దరూ హాయిగా జారుకుంటూ దిగొచ్చారు.

"ఏమ్మా, బతికే ఉన్నామా?" అంటూ ఆర్లో గారు నా థర్మాస్‌లోంచి కాఫీ వంపుకున్నారు. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. అలా వచ్చినందుకు సిగ్గేసింది.

ఒంటిగంట దాటాక పైన దబ్బుమని చప్పుడైంది. వాలు మీది మంచు మొత్తం అడుగు మట్టి కనిపించేలా విరిగి, తడి సిమెంటులా కిందికి జారి చెట్ల దగ్గర ఆగింది. వాళ్ల స్కీ జాడలు సగం దాకా లేవు.

"చూశారా?" అన్నాను.

"చూశా. మేం దిగాకేగా? ఎప్పుడు దిగాలో తెలియడమే అనుభవం."

నోరీన్ తన స్కీలు ఆయన బండిలోంచి తీసి నా బండిలో పెట్టింది. బేకరీ దగ్గర దిగేటప్పుడు, "నాకు ముందే భయమేసిందండీ. పిరికిదాన్ననుకుంటారని వెళ్లాను," అంది.

మర్నాడు పొద్దున బేకరీలో ఆర్లో గారు నిన్నటి సంగతి చెబుతున్నారు. ముగ్గురు నోరు తెరుచుకుని వింటున్నారు. ఇద్దరి కాళ్లకి అప్పటికే స్కీ బూట్లున్నాయి. రాత్రి కూడా మంచు గడ్డకట్టలేదు. నేను రాసిన హెచ్చరిక కాగితం వాళ్ల వెనక గోడమీదే ఉంది.

కాఫీ తీసుకోకుండా బయటికొచ్చి, వాళ్లకంటే ముందే అక్కడుండాలని బండి కొండవైపు తిప్పాను.