పెళ్ళికార్డు మందం

నేను ఒక కత్తిని. కర్రల్ని ముక్కలు చేసే చిప్పర్ యంత్రంలో, గిర్రున తిరిగే ఇనుప పళ్ళేనికి బిగించిన నాలుగు కత్తుల్లో చివరిదాన్ని. ఎవర్నీ తొందరగా నమ్మను, ముందే చెబుతున్నాను.

విశాఖలో ఒక కొలిమిలో, పాత లారీ కమాను పట్టీ నుంచి పుట్టాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినవాడు "దీనికి చావు లేదు" అని అమ్మాడు. నా మొదటి యజమాని ఒక కాంట్రాక్టరు. "మేకులేం లేవు, తొయ్యండి" అని ఆయన అన్న రోజే, వేప దుంగలో మేకు తగిలి నా అంచు పెచ్చు లేచింది. అప్పటినుంచి ప్రతి దుంగనూ, ప్రతి మాటనూ అనుమానంగానే చూస్తున్నాను.

తరవాత సాన పట్టించుకుని, యంత్రంతో సహా శ్రీకాకుళం వైపు ఒక సరుగుడు తోటకు వచ్చాను. కొన్నవాళ్ళు పోలినాయుడు, హైమ. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. బోల్టు విప్పుతూ నవ్వుకుంటారు, స్పానరు అందిస్తూ నవ్వుకుంటారు. ఇనుము దగ్గరికి ఇంత ఆనందంగా వచ్చేవాళ్ళ మీద నాకు మరీ అనుమానం.

కత్తులు బిగించేముందు హైమ యంత్రం తాళం చెవి తీసి కొంగున ముడేసుకుంది. అది మాత్రం నచ్చింది. తరవాత చేసిందే నచ్చలేదు. మేం కొత్తగా ఇంటికొచ్చామని పసుపు రాసింది. మిగతా మూడింటికీ ముఖానే పలచగా రాసి, గిన్నెలో మిగిలిన ముద్దంతా మురిపెంగా, పళ్ళేనికి ఆనుకునే నా వీపుకు పూసింది. పోలినాయుడు చూసుకోకుండా అలాగే బిగించేశాడు.

ఆ ముద్ద ఎండి, యంత్రం అదిరితే, పొడిగా రాలుతుంది. బోల్టు వదులవుతుంది. వదులైన కత్తి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఎదురుగా నిలబడి కర్రలు అందించేది పోలినాయుడే. నాకా నోరు లేదు.

తిరిగే మాకూ, కదలని ఎదురు కత్తికీ మధ్య సన్నని సందు ఉండాలి. దాన్ని కొలవడానికి మిస్త్రీల దగ్గర రేకులుంటాయి. వీళ్ళ దగ్గర మిగిలిపోయిన పెళ్ళికార్డులున్నాయి. హైమ పళ్ళేన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కత్తి దగ్గరా కార్డు దూర్చింది. మూడు చోట్ల రాసుకుంటూ దూరింది. నా దగ్గర ఆగింది.

"బావా, ఇక్కడ దూరట్లేదు."

"మన పేర్లున్న వైపు పెట్టుంటావు. సిగ్గుపడి ఆగిపోనాది."

"పరాచికాలు సాలు. ఎందుకాగిందో సూడు."

"ఎదురు కత్తి కాసింత ఎనక్కి జరిపితే సరిపోద్ది. పొద్దెక్కిపోతంది, తాళం ఇయ్యే."

"జరిపితే ఆ మూడింటికీ సందు పెరిగిపోదా? ఇయ్యను. దీని ఎనక ఏదో ఉంది."

"నీయంత అనుమానపు మనిషిని నానెక్కడా సూళ్ళేదే!"

నేను చూశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, నాలాంటి మనిషిని చూశాను.

హైమ తనే స్పానరు పట్టి నన్ను విప్పింది. నా వీపు నుంచి పసుపు పెచ్చు ఊడి ఆమె అరచేతిలో పడింది.

"అయ్యబాబోయ్! నేను రాసిందే, బావా."

పోలినాయుడు నవ్వలేదు. కర్రలు అందించే చోటు వైపు ఒకసారి చూశాడు. మెడమీది తువ్వాలు తీసి, నా వీపూ, నేను కూర్చునే చోటూ మెరిసేదాకా తుడిచాడు. మళ్ళీ బిగించాక కార్డు సర్రున రాసుకుంటూ దూరింది. అరగంట నడిపి, యంత్రం ఆపి, బోల్టులన్నీ మరోసారి బిగించారు.

సానకు అరిగీ అరిగీ ఇప్పుడు నేను సన్నబడిపోయాను. షెడ్డు గోడకు వేలాడుతున్నాను, అదీ ఒక మేకుకు! కొత్త కత్తులు వచ్చినప్పుడల్లా హైమ ముందు వాటి వీపు తుడుస్తుంది. కార్డు దూరాకే పసుపు, అదీ యంత్రం మూత మీద. తాళం చెవిని మాత్రం ఇప్పుడు పోలినాయుడే ఆమె కొంగున ముడేస్తాడు. ముడి బిగిసిందో లేదో హైమ ఒకసారి లాగి చూస్తుంది.

గోడమీద నుంచి నేనూ చూస్తాను.