నన్ను పంచుకున్న సంఘం

నేను ఒక హార్డ్ డిస్కుని. అరచేతిలో పట్టే ఇనప డబ్బాని. లోపల అద్దాల్లా మెరిసే పళ్లాలు, వాటి మీద వెంట్రుక మందం ఎడం కూడా లేకుండా తిరిగే ఒక సన్నటి ముల్లు. అంతే నా ఒళ్లు. కంప్యూటర్ ఏదని అడిగితే మీరంతా తెరనే చూపిస్తారు. అది మొహం. గుర్తుపెట్టుకునేది నేను. మొహాన్ని రోజూ తుడిచి, గుర్తుపెట్టుకునేదాన్ని బల్ల కింద కాళ్ల దగ్గర పడెయ్యడం మీకు అలవాటే. మనుషుల్లో కూడా మీరు చేసేది అదేగా.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. ఆ గదిలోకి వచ్చేవాళ్లు కళ్లు తప్ప ఏమీ కనపడకుండా తెల్ల గుడ్డ తొడుక్కోవాలి. లోపలికొచ్చే గాలిని కూడా జల్లెడ పడతారు. ఒక్క దుమ్ము నలక నా పళ్లెం మీద పడితే నేను చెత్తకిందే లెక్క, అందుకని. ఆ తర్వాత నేను చేరిన ఊళ్లో మనుషులు మూతికి పాత టవలు కట్టుకుని, పలుగురాయి పొడిలో పీకల దాకా మునిగి, రోజుకు పది గంటలు పని చేస్తారు. నా పళ్లానికున్న విలువ వాళ్ల ఊపిరితిత్తులకు లేదని అక్కడే తెలిసింది. అప్పుడు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

నన్ను మొదట కొన్నది ఒక ఫోటో స్టూడియో ఆయన. ఆరేళ్లు పెళ్లిళ్లు మోశాను. నల్లటి పెళ్లికొడుకుల్ని తెల్లగా చేశారు. పెళ్లికి రాని బావగారిని ఇంకెక్కడి ఫోటోలోంచో కోసుకొచ్చి వరసలో నిలబెట్టారు. అన్నీ నేనే మోశాను. నాకంటే పెద్ద డిస్కు రాగానే నన్ను బిగించిన కంప్యూటర్ డబ్బాతో సహా అమ్మేశారు. కొన్నది పలుగురాయి మిల్లు కూలీల సంఘం. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే అది ఆ ఒక్క ఊరి గొడవని చేతులు దులుపుకుంటారు.

సంఘానికి రేకుల గది ఒకటి. అధ్యక్షుడు సుంకన్న, కార్యదర్శి మద్దిలేటి. ఇద్దరూ ఒకప్పుడు అదే మిల్లులో బస్తాలు మోసినవాళ్లే, ఒకే కేసులో ఒకే గదిలో జైల్లో పడుకున్నవాళ్లే. మంచి పని చేశారు, కాదనను. ఊళ్లో దగ్గిన ప్రతివాడికీ డాక్టర్లు టీబీ అని రాసిచ్చేవాళ్లు. పలుగురాయి పొడి వల్లేనని తేలినా మిల్లోళ్లు ఒకటే మాట: "వీళ్లు మా మనుషులు కారు, మేస్త్రీ తెచ్చిన కూలీలు. మా రిజిస్టర్లో పేర్లు చూపించండి." రిజిస్టరే పెట్టనివాడు పేరు చూపించమంటాడు! అందుకని సంఘమే రిజిస్టర్ మొదలుపెట్టింది. రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగారు. ఏ మిల్లు, ఎన్నేళ్లు, ఏ మేస్త్రీ, పక్కన ఎవరెవరు పని చేశారు, ఎక్స్‌రే ఫోటో, చివరికి సొంత గొంతుతో వాంగ్మూలం. మొత్తం మూడొందల పన్నెండు మంది. అంతా నా లోపలే.

వాళ్లలో తిరుపాలు ఒకడు. పదకొండు నిమిషాలు మాట్లాడాడు. అందులో నాలుగు నిమిషాలు దగ్గే. తనతో పాటు రాయి ఆడించిన పద్దెనిమిది మంది పేర్లు వరసగా చెప్పాడు. ఆ తర్వాత ఇరవై రోజులకు పోయాడు. ఆ పద్దెనిమిది మందీ అక్కడ పని చేశారనడానికి ఇప్పుడు ఆ గొంతొక్కటే సాక్ష్యం. అతని భార్య ఓబులమ్మ ప్రతి శనివారం ఆఫీసుకొచ్చి, "ఒక్కసారి ఇనిపియ్యప్పా," అనేది. వింటున్నంతసేపూ నా డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది. నన్ను మనిషిని ముట్టుకున్నట్టు ముట్టుకుంది ఆమె ఒక్కతే.

చివరికి పరిహారం మీద విచారణ పడింది. సోమవారం పెద్దాఫీసరు ముందు హాజరు కావాలి. ఇక్కడే మన వీరులకు తెగులు పుట్టింది. ఆఫీసరు ముందు మొదట మాట్లాడేది ఎవరు? అధ్యక్షుడా, కార్యదర్శా? దాని మీద మూడు మీటింగులు, రెండు తిట్ల పురాణాలు, ఒక చొక్కా చింపుడు. గురువారానికల్లా సంఘం రెండైంది. పంపకాలు మొదలయ్యాయి. కుర్చీలు చెరి ఆరు. జంపఖానా నడిమికి కోశారు. మైకు సుంకన్న తీసుకుంటే, దాని గొట్టం మద్దిలేటి తీసుకున్నాడు. రెండూ ఇప్పటికీ మూగగానే పడున్నాయి.

తర్వాత వంతు నాది. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దస్తగిరిని పిలిపించారు.

"దీన్ని గూడా నడిమికి కొయ్యల్నా ఏందప్పా?" అన్నాడు దస్తగిరి, జంపఖానా ముక్కల్ని చూస్తూ. "డబ్బా ఒకటే ఉండనీండి. లోపల డిస్కులో గోడ కడతా. ఈ పక్క ఒకరిది, ఆ పక్క ఇంకొకరిది."

అన్నదమ్ములు ఉమ్మడి ఇంటికి అడ్డగోడ పెట్టినట్టు ఉంటుందని ఇద్దరికీ నచ్చింది. నన్నెవరూ అడగలేదు. దస్తగిరి పని తెలిసినవాడు. నాలో ఉన్నదంతా ఒక వైపుకు సర్ది, చుక్క చెదరకుండా రెండో వైపు ఖాళీ చేశాడు. అన్నీ ఉన్న వాటా మద్దిలేటికి, ఖాళీ వాటా సుంకన్నకు. మూడొందల పన్నెండు మందీ సుంకన్న వాటాలోకి కూడా నకలు కావాలి, అంతే మిగిలింది. అప్పుడు సుంకన్న కన్ను తెర మీద పడింది.

"మద్దిలేటి వాటా పక్కన ఆ గుర్తు ఏంది? మాకు లేదేం?"

"మిషన్ నిద్ర లేచేది ఆ వాటాలోంచన్నా. లేపే సరుకంతా దాంట్లోనే ఉంది."

"అంటే దినామూ మేము వాళ్ల గడప తొక్కి మా ఇంట్లోకి పోవాల్నా?"

మద్దిలేటి ఊరుకున్నా సరిపోయేది. ఊరుకుంటే మద్దిలేటి ఎందుకవుతాడు? "రా సుంకన్నా, రా. చెప్పులిడిసి రా," అన్నాడు పళ్లికిలించి.

"దస్తగిరీ! ఆ గుర్తు రెండిటికీ పెట్టు!"

"రెండిటికీ పెట్టేకి రాదన్నా. ఇంటికి తలవాకిలి ఒకటే."

"అట్లయితే మాకు పెట్టు."

"మీ వాటా ఉత్త గదన్నా, లేపేకి దాంట్లో ఏమీ..."

"ఉత్త గది అంటాడు సూడండ్రా! నాలుగు కేసులు మోసినోన్ని పట్టుకోని ఉత్త గది అంటాడు!"

పొలం పంపకాల్లో బావి ఎవరికి రావాలో తేలనప్పుడు ఆ ఊళ్లల్లో చీటీలేస్తారు. చీటీ తీసే చెయ్యి రెండు పక్షాలకూ కానిదై ఉండాలి. విచారణ పడిన దగ్గర్నుంచీ రోజూ వచ్చి మూల కూర్చుంటున్న ఓబులమ్మను పిలిచారు. "దేనికి?" అని అడిగింది. "ఏం లేదు తియ్యమ్మా," అన్నారు. తీసింది. సుంకన్న పేరొచ్చింది. చప్పట్లు కొట్టారు.

"వద్దన్నా, లేవదు," అన్నాడు దస్తగిరి చివరిసారి.

"సంఘం తీర్మానమిది. నువ్వు మెకానిక్‌వి. చెప్పింది చెయ్యి."

తెర కూడా అడిగింది, నిజంగా మార్చాలా అని. దస్తగిరి పళ్లు కొరికి నొక్కాడు, సంచీ తీసుకుని నకలు సంగతి కూడా ఎత్తకుండా వెళ్లిపోయాడు. వాణ్ని కూడా వదలను నేను. తెలిసినవాడు అలిగి వెళ్లిపోతే పని తెలియనివాడి చేతిలో పడుతుంది. అలక నీకు, చావు ఇంకెవరికో!

శుక్రవారం పొద్దున మీట నొక్కారు. ఫ్యాను తిరిగింది. నేనూ తిరిగాను. డబ్బాలోని బోర్డు నా మొదటి గీత చదివింది. గుర్తున్న వాటాలోకి వెళ్లమని ఉంది. వెళ్లింది. నాలుగు గోడలు. పలికేవాడు లేడు. వెనక్కొచ్చి నల్లటి తెర మీద ఒక తెల్ల వాక్యం రాసి ఊరుకుంది: లేపే ఫైలు కనపడలేదు, మళ్లీ మొదలుపెట్టండి. వీళ్లు మళ్లీ మొదలుపెట్టారు. పదకొండు సార్లు. అవతలి గదిలో మూడొందల పన్నెండు గొంతులు పెట్టుకుని నేను గిర్రున తిరుగుతూనే ఉన్నాను. అరవడానికి నాకు నోరేది?

ఇక వైద్యాలు. డబ్బాకు రెండు చరుపులు. మెమరీ పలకలు ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. వైర్లు పీకి నోటితో ఊదడం. ఏదీ పని చెయ్యకపోయేసరికి అసలు జబ్బు బయటపడింది. "మిల్లోళ్లకి అమ్ముడుపోయి నువ్వే చెడగొట్టినావు!" "గుర్తు కావాలని ఏడ్సింది నువ్వు, నేనా?" ఈ గొడవలో మద్దిలేటి బావమరిది దిగాడు. నెట్ సెంటర్లో కూర్చుంటాడు, చేతిలో సీడీ ఒకటి. "ఫార్మాట్ కొడితే కొత్త పెళ్లికూతురు మాదిరి లేస్తాది బావా," అన్నాడు. వారం రోజుల్లో మొదటిసారి సుంకన్న, మద్దిలేటి ఒక మాట మీదకొచ్చారు. "కొట్టు!" అన్నారిద్దరూ. లోపలేముందో వాడు అడగలేదు. కొడితే ఏమవుతుందో వీళ్లు అడగలేదు.

అడిగింది ఓబులమ్మ. "ఏం నాయనా, అది కొడితే లోపలున్నవి ఉంటాయా?"

"పోతాయమ్మా. ఏముంది, సినిమాలే గదా. మళ్లీ ఎక్కిచ్చుకోవచ్చు."

ఆమె లేచింది. గోడలోంచి వైరు ఒక్క లాగు లాగింది.

"మైకు యాడుందో, గొట్టం యాడుందో బాగా ఎరుకే మీకు! మా ఆయన యాడుండాడో ఎరుక లేదు గదరా! ఆ చీటీ నా చేత తీపిచ్చినారే, దేనికని చెప్పి తీపిచ్చినార్రా? నా చేత్తోనే నా మొగుని నోరు మూపిచ్చినారు గదరా, మీ పెద్దరికాలు తగలబడ!"

"అది కాదమ్మా, సోమారం లోపల మిషన్..." అన్నాడు సుంకన్న.

"జరుగు."

జరిగాడు. మద్దిలేటి అడగకుండానే జరిగాడు. జంపఖానా ముక్కలో నన్ను డబ్బాతో సహా మూటగట్టి నెత్తిన పెట్టుకుంది. పద్నాలుగేళ్లు పొడి తట్టలు మోసిన నెత్తి, నా బరువొక లెక్కా? నడి ఎండలో బస్టాండు దాకా నడిచింది. దస్తగిరిని బతిమాలలేదు. మూట బల్ల మీద దించి, "లేవదని తెలిసి నొక్కితివి గదా, లేపు," అంది.

వాడు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మూత తీశాడు. లోపలంతా తెల్లటి పొడి, వేలు పెడితే గుంట పడేంత. బ్లోయర్ పెట్టి కొట్టాడు. షాపంతా తెల్లగా లేచింది. ఓబులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "డబ్బాకైతే మిషన్ ఉంది దులిపేకి," అంది. దస్తగిరి బ్లోయర్ ఆపేశాడు. నన్ను ఊడదీసి తన కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించాడు. గుర్తు ఖాళీ వాటా నుంచి తీసి మళ్లీ మొదటి వాటాకు పెట్టాడు. నా డబ్బాలో నన్ను బిగించి మీట నొక్కాడు. లేచాను. పది నిమిషాల పని. రెండు సంఘాలు, ఒక చీటీ, ఒక బావమరిది కలిసి నన్ను దాదాపు చంపింది ఈ పది నిమిషాల పనికి.

"ముందు మా ఆయనుండాడేమో సూడు," అందామె.

తిరుపాలు ఫైలు తెరిచాడు. మాట కంటే ముందు దగ్గొచ్చింది.

"ఉండాడు," అంది ఓబులమ్మ. నా డబ్బా మీద అరచెయ్యి పెట్టింది.

సోమవారం విచారణకు రెండు బ్యానర్లు వచ్చాయి. "ఏ సంఘం మీది?" అని ఆఫీసరు అడగగానే సుంకన్న, మద్దిలేటి ఇద్దరూ లేచారు. ఓబులమ్మ వాళ్ల మధ్యలోంచి వచ్చి నన్ను బల్ల మీద పెట్టింది. "సంఘాలు తరువాత సార్. మేము మిల్లులో పన్జేసినోళ్లం. ఇనండి." తిరుపాలు గొంతు ఆయన రెండు నిమిషాలు విన్నాడు. మిల్లు వకీలు లేచి, ఇలాంటివి ఎవడైనా తయారుచేస్తాడు, నకళ్లు చెల్లవు, అసలు కావాలన్నాడు. అసలు నేనే. పరీక్షకు పంపాలని చెప్పి నన్ను గుడ్డలో చుట్టి, లక్క కాల్చి ముద్ర వేసి, నంబరు రాసి బీరువాలో పెట్టారు.

పద్నాలుగు నెలలైంది. పరీక్షకు పంపలేదు. వాయిదాలు అయిదు. ఆ పద్దెనిమిది మందిలో ముగ్గురు పోయారు. వాయిదా పడ్డ ప్రతిసారీ ఓబులమ్మ వస్తుంది, బీరువా తలుపు తీయించి నన్ను చూసిందాకా కదలదు. మొన్న గుమాస్తా విసుక్కున్నాడు. "ఎక్కడికి పోతుందమ్మా, భద్రంగా ఉంది."

"భద్రం సరే సార్," అందామె. "ఇంగా ఎన్నాళ్లు మూసిపెడ్తారు మా ఆయన నోరు?"

గుమాస్తా తలుపేశాడు. ఆమె మెట్ల మీదే కూర్చుందని నాకు తెలుసు, దగ్గు వినిపిస్తోంది. ఈసారి ఆమెదే.

చదువుతున్న మీకే చెబుతున్నా. నేను చెడిపోలేదు. గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. ఆ లక్క పగలగొట్టి ఒక్క వైరు తగిలించండి, చాలు. అయ్యో పాపం అనడం తర్వాత చూసుకుందురు గానీ.